మిడ్జెట్ కారు కంటే ముందు రూల్‌బుక్ చూడండి

ప్రశ్న: మేం ఇండియానాపోలిస్ దగ్గర ఉంటాం. మా అబ్బాయికి పదిహేనేళ్లు. ఐదేళ్లుగా క్వార్టర్ మిడ్జెట్ (పిల్లలు నడిపే బుల్లి రేసు కారు) నడుపుతున్నాడు, ఇప్పుడు పెద్దవాళ్లు రేసుల్లో నడిపే మిడ్జెట్ కావాలంటున్నాడు. తెలిసినవాళ్లు పాత నేషనల్ మిడ్జెట్ (జాతీయ స్థాయి పోటీల్లో తిరిగే కారు) ఒకటి 45,000 డాలర్లకు ఇస్తామన్నారు. వాడి చదువుకని 529 అనే చదువుల పొదుపు ఖాతాలో 62,000 దాచాం. అందులోంచి తీయాలా, ఇంటి మీద లోన్ తీసుకోవాలా? ఖర్చులు పోను నెలకు 2,200 మిగులుతుంది. మావారు అసలే వద్దంటున్నారు. రోజూ ఇదే టెన్షన్.

జవాబు: అమ్మా, ఆ రెండూ వద్దు. 529 నుంచి చదువు కాని ఖర్చుకు తీస్తే, అందులోని లాభం మీద ట్యాక్స్, పైన పది శాతం పెనాల్టీ. మూడేళ్లలో కాలేజీ ఫీజు కట్టాల్సిన డబ్బు అది. ఇంటి మీద లోన్ అంటే, ఒక్క యాక్సిడెంట్‌తో కారు తుక్కయినా వాయిదాలు ఆగవు.

అలాగని అబ్బాయిని ఆపమనను. క్లాసు, అంటే పోటీ విభాగం, మార్చమంటాను. రేసు కారు ఖర్చు కొన్న ధరతో తేలదు, ఆ క్లాసు రూల్స్‌తో తేలుతుంది. క్వార్టర్ మిడ్జెట్ హోండా క్లాసుల్లో అందరిదీ ఒకే రకం చిన్న ఇంజిన్ కాబట్టే ఇన్నేళ్లూ నెట్టుకొచ్చారు. నేషనల్ మిడ్జెట్‌లో కొత్త ఇంజిన్ ఒక్కటే 50,000 దాటడం మామూలు. ఆ పాత కారు ఇంజిన్ చివరిసారి ఎప్పుడు విప్పి బిగించారో అడిగారా? ఆ తర్వాత ఎన్ని రేసులు తిరిగిందో?

ఈ బాధ ఇవాళ్టిది కాదు. 1933లో శాక్రమెంటోలో మిడ్జెట్ రేసులు మొదలైన రోజుల్లో పడవ మోటార్లు, మోటార్‌సైకిల్ ఇంజిన్లు బిగించుకుని వచ్చేవారు. తర్వాత రేసుల కోసమే తయారైన ఆఫెన్‌హౌజర్ ఇంజిన్ దిగింది, అది కొనలేనివాళ్లు వెనకబడిపోయారు. చివరికి 1940ల్లో దక్షిణ కాలిఫోర్నియాలో దానికి బ్లూ సర్క్యూట్, ఫోర్డ్ వీ8-60 లాంటి చవక ఇంజిన్లకు రెడ్ సర్క్యూట్ అని రేసులనే వేరు చేశారు. 2000ల మొదట్లో అమెరికాలో రేసులు నడిపే సంస్థ యూసాక్, ఫోర్డ్ ఫోకస్ క్లాసు తెచ్చినప్పుడూ అదే ఆలోచన: మామూలు కారు ఇంజిన్‌కి సీలు వేసేశారు. సీలు విప్పకూడదంటే, లోపల డబ్బు పోసి వేగం కొనుక్కునే దారి మూసుకున్నట్టే.

మీ చుట్టుపక్కల ట్రాకుల్లో సీల్డ్ ఇంజిన్ మిడ్జెట్లుగానీ, మోటార్‌సైకిల్ ఇంజిన్‌తో నడిచే 600 మైక్రోలనే చిన్న రేసు కార్లుగానీ ఉన్నాయేమో కనుక్కోండి. టైరు రూల్ తప్పకుండా అడగండి. మట్టి ట్రాక్ మీద కుడి వెనక టైరే ముందు అరిగిపోతుంది. మెత్తటి టైరుకు అనుమతి ఉంటే ప్రతి రేసు రాత్రీ కొత్తది కొనేవాడిదే పైచేయి. ఒకే గట్టి టైరు వాడాలన్న రూల్ ఉంటే అదే టైరు కొన్ని వారాలు వస్తుంది, మీ కారూ పోటీలో ఉంటుంది.

ఇక లెక్క. 2,200లో 700 విడిగా ఒక ఖాతాలో వేయండి, ఏడాదికి 8,400. అందులో మూడో వంతు, 2,800, డ్యామేజీల కోసం ముట్టుకోకుండా ఉంచండి. మిగిలిన 5,600తో 14 రాత్రులంటే రాత్రికి 400. ఎంట్రీ, పిట్ (కార్లు సిద్ధం చేసే చోటు) పాసులు, మెథనాల్ ఇంధనం, టైర్లు, ట్రక్కు పెట్రోలు అన్నీ అందులోనే. ఖాతా ఖాళీ అయితే ఆ సీజన్ అక్కడితో సరి. ఈ ఏడాది క్వార్టర్ మిడ్జెట్‌లోనే ఉండనివ్వండి. ఈలోగా పోగైన డబ్బు, ఆ కారు అమ్మితే వచ్చేది కలిపి వచ్చే సీజన్‌కు పాత మైక్రో చూడండి.

ప్రైజ్ మనీ వేన్నీళ్లకు చన్నీళ్లు, అంతే. దాని మీద ట్యాక్స్ ఉంటుంది, హాబీ ఖర్చులు మాత్రం అందులోంచి తీసేయనివ్వరు. రేసులో దెబ్బ తగిలితే మీ హెల్త్ ఇన్సూరెన్స్ వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా తెప్పించుకోండి. హెల్మెట్, సీటు, బెల్టుల దగ్గర మాత్రం పైసా తగ్గించొద్దు. పాత కారుతో వచ్చే బెల్టుల మీద తేదీ చూడండి, రెండేళ్లు దాటితే కొత్తవి వేయించాల్సిందే.

ఈ ఆదివారం రూల్‌బుక్‌లో ఇంజిన్, టైర్ల పేజీలు ప్రింట్ తీసి మీవారినీ, అబ్బాయినీ కూర్చోబెట్టండి. రాత్రికి 400 లెక్క వాణ్ణే వేయనివ్వండి.