ఊరికే ఇస్తామంటున్న పుంజు

ప్రశ్న: మా పెరట్లో ఆరు పెట్టలున్నాయి, రోజూ నాలుగైదు గుడ్లు వస్తాయి. పుంజు లేని గుడ్లలో బలం ఉండదని మా అత్తయ్య, పుంజుంటే కాపలా కాస్తుందని మా ఆయన అంటున్నారు. తెలిసినవాళ్లు వాళ్ల పుంజును ఊరికే ఇస్తామంటున్నారు. ఒక పెట్టేమో వారంగా గూట్లోంచి లేవడం లేదు, చూస్తే జాలేస్తోంది. మాకు నాలుగేళ్ల పాప ఉంది. పక్కింటికీ మాకూ మధ్య ఒకటే గోడ. తెచ్చుకోమంటారా?

జవాబు: ముందు, ఎందుకు ఊరికే ఇస్తున్నారో వాళ్లని అడగండి. మంచి పుంజును వదులుకోవడానికి తరచుగా ఉండే కారణాలు రెండు, కూతకి చుట్టుపక్కలవాళ్లతో గొడవ లేదా మనుషుల మీదికి ఎగరడం.

అత్తయ్యగారి సంగతి తేలిగ్గా తేలిపోతుంది. గుడ్డు పెట్టడానికి పెట్టకు పుంజుతో పని లేదు. పుంజు తొక్కితే ఆ గుడ్డు పొదిగినప్పుడు పిల్ల అవుతుంది, లేకపోతే కాదు, అంతే. తినేవాళ్లకు పోషకాల్లో తేడా ఏమీ ఉండదు. సొనలో కనిపించే రక్తపు చుక్క కూడా పుంజు పని కాదండీ, గుడ్డు తయారయ్యేటప్పుడు సన్నటి రక్తనాళం చిట్లితే అలా వస్తుంది.

మీ ఆయన మాట మాత్రం సగం నిజం. పైన గద్ద తిరుగుతుంటే ఒక రకంగా, నేల మీద కుక్క గానీ పిల్లి గానీ వస్తే ఇంకో రకంగా అరుస్తుంది పుంజు, పెట్టలు ఆ తేడా పట్టేసి దాక్కుంటాయి. మంచి గింజ దొరికితే తను తినకుండా పెట్టల్ని పిలుస్తుంది, ముచ్చటగా ఉంటుంది చూడ్డానికి. కానీ పెద్ద కుక్క గోడ దూకి వస్తే అది చేయగలిగింది తక్కువ, చీకటి పడితే దానికీ కళ్లు సరిగ్గా కనపడవు. రాత్రి కాపలా కాసేది గట్టి జాలీ, గడియ.

ఇక మీ ఇంటి సంగతి. ఒక పుంజుకు ఎనిమిది నుంచి పది పెట్టలుండాలంటారు, మీకున్నవి ఆరే. తక్కువైతే దానికి నచ్చిన ఒకటి రెంటినే మాటిమాటికీ తొక్కి వీపు మీద ఈకలు ఊడగొడుతుంది. కూత తెల్లవారకముందే మొదలై పగలంతా సాగుతుంది, గూడు చీకటి చేసినా దాని ఒంట్లో గడియారం దానిదే. మీ కోడి కూయకపోయినా పక్కింటివాళ్లకు తెల్లారుతుంది కదా!

నాకు అసలు టెన్షన్ పాప గురించే. నేను పెంచిన ఒక పుంజు ఏడు నెలల దాకా చేతిలో గింజలు తిన్నది, ఆ తర్వాత నీళ్ల బకెట్ పట్టుకుని వెనక్కి తిరిగితే చాలు, పిక్కల మీదికి ఎగిరేది. దాని కాలి ముల్లు నాకు పిక్క దగ్గర తగిలింది, మీ పాపకైతే మొహం దగ్గర తగులుతుంది. అన్ని పుంజులూ అలా ఉండవు, నిజమే, కానీ ఏది అలా మారుతుందో చిన్నప్పుడు చూసి చెప్పలేం.

అందుకని నేనైతే వద్దంటాను. గూట్లోంచి లేవనిది పొదుగుకు వచ్చిన పెట్టలాగే ఉంది, దగ్గరికెళ్తే ఈకలు విప్పుకుని గుర్రుమంటోందేమో, మేత తింటోందో లేదో చూడండి. అదే అయితే దానికి పుంజు అక్కర్లేదు, గుడ్లు కావాలి. ఆ తెలిసినవాళ్ల దగ్గర పుంజు పెట్టలతోనే తిరుగుతుంటే, వారం లోపు పెట్టిన ఎనిమిదో పదో గుడ్లు అడిగి తెచ్చి, రాత్రి పూట అన్నీ ఒకేసారి దాని కింద పెట్టండి. 21 రోజులకు పిల్లలు దిగుతాయి. కాదు, పుంజే కావాలనుకుంటే మూడు నాలుగు వారాలు వేరుగా ఉంచి, పేలు, తెగులు లేవని చూసుకున్నాకే కలపండి, పైకి బాగున్న కోడితో కూడా కొక్కెర తెగులు (కోళ్లను చంపే అంటురోగం) రావచ్చు.

ఒక్క చిక్కు. దిగిన పిల్లల్లో ఇంచుమించు సగం పుంజులే అవుతాయి, నాలుగైదు నెలలకు బొంగురు గొంతుతో కూతలు మొదలుపెడతాయి. వాటిని ఎవరు తీసుకుంటారో గుడ్లు పెట్టకముందే మాట్లాడుకోండి, లేకపోతే అప్పుడు ఊరికే ఇస్తామని తిరిగేది మీరే.