సకినాలు ఎందుకు మానేశాడో ముందు చూడండి

ప్రశ్న: మా అబ్బాయికి 24 ఏళ్లు. ఆటిజం ఉంది, మాటలు చాలా తక్కువ. నాకు గుండె ఆపరేషన్ అయ్యాక ఇంట్లో చూసుకోవడం కష్టమై, రెండేళ్ల క్రితం వరంగల్ దగ్గర ఒక రెసిడెన్షియల్ హోమ్‌లో చేర్చాం. బాగానే కుదురుకున్నాడు. నెలన్నర నుంచి మాత్రం ఎడమ చెంప మీద పిడికిలితో కొట్టుకుంటున్నాడు. రాత్రిళ్లు నిద్రపోవడం లేదు. హోమ్ వాళ్లు రిస్పెరిడోన్ మాత్ర రెండుసార్లు పెంచినా తగ్గలేదు. సకినాలంటే ప్రాణం, మొన్న తీసుకెళ్తే ముట్టుకోలేదు. మా మీద అలిగినట్టున్నాడు. ఇంకా పవర్ ఉన్న మాత్ర ఏదైనా ఉందా? హోమ్ మార్చమంటారా?
– ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: మీరు అడిగింది మాత్ర గురించి. నాకు టెన్షన్ పెట్టింది సకినాల సంగతి.

సకినం కొరకాలంటే పళ్లు గట్టిగా పని చేయాలి. అంత ఇష్టంగా తినేవాడు ఉన్నట్టుండి మానేశాడు. ఒకే వైపు చెంప మీద కొట్టుకుంటున్నాడు. రాత్రి నిద్ర లేదు. పిప్పి పన్ను నొప్పి పడుకుంటే ఎంత సలుపుతుందో అనుభవించిన వాళ్లకు తెలుసు. మనకైతే చెంప పట్టుకుని ‘పన్ను నొప్పి’ అని చెప్పే నోరుంది. మీ అబ్బాయికి ఆ మాట రాదు. మనిషిని చూడకుండా ఇదీ జబ్బు అని నేను చెప్పకూడదు. పన్ను కావచ్చు, చిగురులో చీము కావచ్చు, అటువైపు చెవి కావచ్చు. అలక మాత్రం అనుకోకండి.

ఈ వారంలోనే పళ్ల డాక్టర్‌కూ చెవి ముక్కు గొంతు డాక్టర్‌కూ చూపించండి. చెంప వాచినా, జ్వరం వచ్చినా, నోరు తెరవలేకపోయినా, నీళ్లు కూడా మింగలేకపోయినా ఆ పూటే ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. వారం ఆగొద్దు. విరేచనం రోజూ అవుతోందా అని హోమ్‌లో అడగండి. మలబద్ధకం, ఛాతీలో మంట కూడా మాట రాని మనిషిని ఇలాగే సతాయిస్తాయి. ఆటిజం ఉన్నవాళ్లలో మూర్ఛ కూడా మిగతా వాళ్లకంటే ఎక్కువ. కాసేపు శూన్యంలోకి చూస్తూ, పిలిచినా పలకకుండా ఉంటున్నాడేమో కనుక్కోండి. అలాంటప్పుడు ఫోన్‌లో ఒక వీడియో తీసి పెట్టుకుంటే డాక్టర్‌కు చాలా పనికొస్తుంది.

ఇక మాత్ర సంగతి. రెండుసార్లు పెంచారన్నారు. ఎవరు చూసి పెంచారు? చీటీ మీద డాక్టర్ సంతకం, తేదీ ఉన్నాయా? కొంచెం గట్టిగానే అంటున్నాను, మన్నించండి. నెలన్నర పాటు ఒక్కరు కూడా నోరు తెరిపించి చూడకుండా డోసు పెంచుకుంటూ పోవడం నాకు నచ్చలేదు. నా ఓపీలో తరచూ చూసే తప్పే ఇది. రిస్పెరిడోన్ ఆటిజానికి మందు కాదు. ఆటిజాన్ని తీసేసే మాత్ర అంటూ ఏదీ లేదు. విపరీతమైన చిరాకు, తనను తాను గాయపరుచుకోవడం ఉన్నప్పుడు, మిగతా కారణాలు వెతికాక, కొంతకాలం వాడతాం. అమెరికాలో 2006లో దీన్ని ఆటిజం ఉన్న పిల్లలకు అనుమతించింది కూడా ఆ చిరాకుకే. ఇంగ్లాండ్‌లోనైతే ఇలాంటి మందులు అవసరానికి మించి ఇస్తున్నారని, వాటిని తగ్గించడానికి 2016లో ప్రత్యేకంగా ఒక కార్యక్రమమే మొదలుపెట్టారు.

ఇంకో మాట. ఈ మందు డోసు పెరిగినప్పుడు కొందరికి కాళ్లు ఒకచోట నిలవవు. కూర్చోలేరు, పడుకోలేరు, అటూ ఇటూ తిరుగుతూనే ఉంటారు. చూసేవాళ్లు గొడవ ఎక్కువైందనుకుని ఇంకో మాత్ర వేస్తారు. మీ అబ్బాయికి నిద్ర పట్టకపోవడంలో దీని పాత్ర కూడా ఉండొచ్చు. అలాగని మీరు ఒక్కసారిగా ఆపేయకండి, అది ఇంకో ప్రమాదం. సైకియాట్రిస్ట్ చూసి మెల్లగా సర్దాలి. బరువు, పరగడుపు షుగర్, కొవ్వు పరీక్షలు ఈమధ్య చేయించకపోతే చేయించండి. విపరీతమైన జ్వరంతో ఒళ్లు కొయ్యబారితే ఎమర్జెన్సీకి వెళ్లాల్సిందే.

హోమ్ మార్చమంటారా అన్నారు. ఇప్పుడే వద్దు. నొప్పిలో ఉన్న మనిషికి చోటు, మనుషులు, మంచం అన్నీ ఒకేసారి మారితే ఇంకా నలిగిపోతాడు. ఆదివారం వెళ్లి ఒక పూటంతా అక్కడ కూర్చోండి. మీ అబ్బాయికి అన్నం పెట్టేది రోజూ ఒకరేనా, షిఫ్టుకొకరా? ‘ఎందుకు కొట్టుకుంటున్నాడంటారు’ అని ఆ కేర్‌టేకర్‌నే అడగండి. ‘మొండివాడు సార్’ అంటే ఒక రకం. ‘పొద్దున పళ్లు తోమేటప్పుడు ఎక్కువ సార్’ అంటే ఆ మనిషి మీ అబ్బాయిని చూస్తున్నట్టు.

నా దగ్గరికి వచ్చే ఒక యువకుడు హోమ్‌లో స్నానం అనగానే కేర్‌టేకర్లను కొరికేవాడు. ఇద్దరు పట్టుకుని లాక్కెళ్లేవాళ్లు. వాళ్లమ్మను అడిగితే తేలిందేంటంటే, ఇంట్లో ముందు పాదాల మీద చెంబుతో నీళ్లు పోసి, చెంబు ఆయన చేతికే ఇచ్చేది. తల మీద చివరగా ఆయనే పోసుకునేవాడు. హోమ్‌లో షవర్ ఒక్కసారిగా నెత్తి మీద తిప్పేవాళ్లు. చెంబు తెచ్చిచ్చాక పది రోజుల్లో కొరకడం ఆగింది. ఆయన మందుల్లో నేను మార్చిందేమీ లేదు.

మీరూ ఒక కాగితం రాయండి, ఒక్క పేజీ చాలు. ఏ శబ్దానికి చెవులు మూసుకుంటాడు, నొప్పి వస్తే ఏం చేస్తాడు, ఆకలైతే ఎలా అడుగుతాడు, ఏ దుప్పటి లేకపోతే పడుకోడు, ఏం చేస్తే శాంతిస్తాడు. తల్లిదండ్రులకు కంఠస్థంగా వచ్చే ఇవన్నీ హోమ్ ఫైల్‌లో ఉండవు. దాన్ని ఆయన మంచం దగ్గర గోడకు అంటించి, రాత్రి డ్యూటీ వాళ్లతో కూడా చదివించండి. అన్నమా రొట్టెనా అని రెండూ చూపించి ఎంచుకోనివ్వమనండి. పెద్దవాడు, ఆయన ఇష్టాయిష్టాలు ఆయనవి. ఆ హోమ్‌కు 2016 దివ్యాంగుల హక్కుల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందో లేదో కూడా చూడండి.

పళ్ల డాక్టర్ దగ్గర పొద్దున మొదటి అపాయింట్‌మెంట్ అడగండి, వెయిటింగ్ ఉండదు. వీలైతే ముందురోజు కుర్చీ ఫొటో చూపించండి. ఆయన తువాలు, ఆ కాగితం వెంట తీసుకెళ్లండి. అలవాటైన కేర్‌టేకర్‌ను పక్కన ఉంచండి. బలవంతంగా నోరు తెరిపిస్తే ఇక ఎప్పటికీ ఆ గడప తొక్కడు. అస్సలు కూర్చోకపోతే మత్తు ఇచ్చి చూడాల్సి రావచ్చు. అప్పుడు సంతకం ఎవరిదనే ప్రశ్న వస్తుంది. 18 దాటాక కన్నవాళ్లయినా చట్టం దృష్టిలో ఆటోమేటిగ్గా గార్డియన్లు కారు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ గార్డియన్‌షిప్ ఇస్తుంది. తీసుకోకపోతే దరఖాస్తు పెట్టండి. దానికోసం పన్ను చూపించడం మాత్రం ఆపొద్దు, అత్యవసరమైతే డాక్టర్లే మీతో మాట్లాడి చూస్తారు. అదే ట్రస్ట్‌కు చెందిన నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల వరకు వస్తుంది, దాని గురించీ కనుక్కోండి.

పన్ను, చెవి సంగతి తేలాక మళ్లీ రాయండి. డోసులు పెంచిన ఆ రెండు చీటీల ఫొటోలు జతచేయడం మరిచిపోకండి.