రేడియేషన్ ఇచ్చిన చిట్టెలుకల ఊపిరితిత్తులు నెలల తర్వాతే ఎందుకు పాడవుతాయి?

ఛాతీకి ఎక్కువ డోసు రేడియేషన్ ఇచ్చిన చిట్టెలుక చాలా వారాలు మామూలుగానే తిరుగుతుంది, మూడు నెలలు దాటాక ఆయాసపడుతుంది, ఎందుకని అడిగారు. దెబ్బ మొదటి రోజే తగులుతుంది. బయటపడటానికే టైమ్ పడుతుంది.

ఊపిరితిత్తుల్లోని గాలి గదుల గోడల్లో టైప్-2 (రెండో రకం) అని పిలిచే కణాలుంటాయి. గదులు ముడుచుకుపోకుండా కాపాడే సర్ఫాక్టెంట్ అనే పదార్థాన్ని తయారుచేసేది అవే. ఈ కణాలూ, సన్నని రక్తనాళాల లోపలి పొర కణాలూ చాలా నిదానంగా విభజన చెందుతాయి. డీఎన్ఏ తెగిన కణం చాలాసార్లు విభజన దగ్గరే చనిపోతుంది కాబట్టి నష్టం ఆలస్యంగా కనబడుతుంది. ఈలోగా టీజీఎఫ్-బీటా అనే ప్రొటీన్ లాంటి సంకేతాలు కణజాలాన్ని మచ్చకట్టే వైపు నెడుతూ ఉంటాయి. అప్పుడు మైక్రోస్కోప్‌లో చూస్తే, పల్చటి పొరలా ఉండాల్సిన గోడలు దళసరిగా, గదుల్లో నురగ నిండినట్టుండే మాక్రోఫేజ్ (చెత్తను మింగే రక్షణ కణాలు) కణాలతో కనిపిస్తాయి.

నన్ను బాగా ఆలోచింపజేసేది జాతి తేడా. సీ3హెచ్ చిట్టెలుకల్లో ప్రధానంగా వాపు వస్తుంది. సీ57బీఎల్/6 జాతిలో మాత్రం మచ్చకట్టడం, అంటే ఫైబ్రోసిస్, ఎక్కువ. అందుకే ఒక్క జాతి మీద చేసిన ప్రయోగాన్ని చూసి తొందరపడి నిర్ణయానికి రాకూడదు.

పీల్చిన రేడియోధార్మిక ధూళి కథ వేరు. ప్లుటోనియం డయాక్సైడ్ పీల్చిన బీగిల్ కుక్కల్లో ఆ రేణువులు ఏళ్ల తరబడి లోపలే ఉండిపోయాయి. వాటి నుంచి వెలువడే ఆల్ఫా రేడియేషన్ కొన్ని జీవకణాల దూరం మాత్రమే వెళ్లగలదు, కానీ అక్కడే రోజూ తగులుతుంటుంది. ఆ కుక్కల్లో ఫైబ్రోసిస్, ఊపిరితిత్తుల క్యాన్సర్ రెండూ వచ్చాయి.