గృహ హింస ప్రణాళిక మీద కౌన్సిల్‌కి అభిప్రాయం రాస్తే ఎవరైనా చదువుతారా?

ఇంగ్లండ్‌లో మీ కౌన్సిల్ గృహ హింస మీద ముసాయిదా ప్రణాళిక పెట్టి జనాన్ని అభిప్రాయాలు అడుగుతోంది, రాయడం దండగా అని కదా మీ ప్రశ్న. చదువుతారండీ. కాకపోతే ముసాయిదా బయటికొచ్చేసరికే సగం నిర్ణయాలు అయిపోయి ఉంటాయి. మా తెలుగు సంఘం తరఫున రెండేళ్లు ఇలాంటి ఒక కమిటీలో కూర్చున్నాను కాబట్టి నేను చూసింది చెప్తాను.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. 2021 డొమెస్టిక్ అబ్యూజ్ యాక్ట్ నాలుగో భాగం ప్రకారం కౌంటీ, యూనిటరీ, మెట్రోపాలిటన్ కౌన్సిళ్లు తమ ప్రాంతంలో బాధితులకు ఏం అవసరమో లెక్క తీయాలి, దాన్నిబట్టి ప్రణాళిక రాసి ప్రచురించాలి, ఏటా ప్రభుత్వానికి నివేదిక పంపాలి. లండన్‌లో అయితే ఈ బాధ్యత బరోలది (అక్కడి స్థానిక కౌన్సిళ్లది) కాదు, గ్రేటర్ లండన్ అథారిటీది. సలహా ఇవ్వడానికి ఒక పార్ట్‌నర్‌షిప్ బోర్డు తప్పనిసరి. పోలీసులు, వైద్య సేవలు, స్వచ్ఛంద సంస్థలతో పాటు బాధితుల తరఫున, వాళ్ల పిల్లల తరఫున మాట్లాడేవాళ్లూ అందులో ఉండాలి. మేం కూర్చున్నది ఆ బోర్డు కింద ఉండే చిన్న కమిటీలో. రెండు గంటల మీటింగ్‌లో మా వంతు చివరి పది నిమిషాలు.

నాకు అసలు విషయం అర్థమైంది మూడో మీటింగ్‌లో. ఏడాదిలో సాయం అడిగినవాళ్ల భాషల పట్టిక తెర మీద వేశారు. పోలిష్, రొమేనియన్, ఉర్దూ, పంజాబీ... కిందికి పోతే ఒక వరుసలో 'ఇండియన్' అని ఉంది. భాష పేరే ఇండియన్! తెలుగు అన్న మాటే లేదు. ఆ ఏడాది నేనొక్కదాన్నే ముగ్గురు తెలుగు ఆడవాళ్లకి తోడుగా హౌసింగ్ ఆఫీసుకి వెళ్లాను. మరి వాళ్లు ఏ వరుసలో పడ్డారని అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు. ఇంగ్లిష్ కింద పడి ఉంటారు. కౌంటర్‌లో 'ఇంగ్లిష్ వచ్చా' అని అడిగితే ముగ్గురూ 'యెస్' అనే అన్నారు. ఎంటెక్ చదివిన మనిషికి రాదని చెప్పుకోవడం నామోషీ కదా. కానీ ఆఫీసులో మాట్లాడే ఇంగ్లిష్ వేరు, రాత్రి పడగ్గదిలో తనకేం జరిగిందో చెప్పుకునే ఇంగ్లిష్ వేరు.

ఇది చాదస్తంగా అనిపించవచ్చు. కానీ దుబాసీల కాంట్రాక్టు ఏ భాషలకి, ఏ సంస్థకి ఎంత డబ్బు అన్నవన్నీ ఆ పట్టిక చూసే తేలుస్తారు. అందులోకి అంకెలు వచ్చేది పోలీసుల నుంచి, రెఫ్యూజ్‌ల (ఇల్లు విడిచి వచ్చిన బాధితులు తలదాచుకునే చోట్ల) నుంచి, హౌసింగ్ దరఖాస్తుల నుంచి. ఎవరికీ ఫోన్ చేయనివాళ్లు పట్టికలో ఉండరు. మనవాళ్లలో ఎక్కువమంది ముందు ఫోన్ చేసేది ఇండియాలో ఉన్న అమ్మకి.

ఇంకోటి, ప్రమాదం ఎంతో అంచనా వేసే ఫారమ్. డ్యాష్ అంటారు. సాధారణంగా 14 గానీ అంతకంటే ఎక్కువ గానీ టిక్‌లు పడితే కేసు మరాక్ అనే మీటింగ్‌కి వెళ్తుంది. అక్కడ పోలీసులు, హౌసింగ్, ఆస్పత్రివాళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. నాతో వచ్చిన ఒకావిడ భర్త ఆమె మీద ఒక్కసారీ చెయ్యి చేసుకోలేదు. ఆమె ఈ-వీసా అకౌంట్ మాత్రం అతని ఈమెయిల్‌తో, అతని ఫోన్ నంబర్‌తో ఉంది. కొత్త ఉద్యోగానికి షేర్ కోడ్ (పని చేసే హక్కు ఉందని చూపించే ఆన్‌లైన్ కోడ్) కావాలన్నా అతన్నే అడగాలి. జీతం పడేది అతను చూసుకునే ఖాతాలో. టిక్‌లు తక్కువే వచ్చాయి. ఇలా గుప్పిట్లో పెట్టుకోవడం 2015 నుంచే ఇక్కడ నేరం. ఫారమ్‌లో మార్కులు తగ్గినా అధికారి తన అంచనా మీద కేసు పంపవచ్చు. ఆవిడ అదృష్టం కొద్దీ ఆ రోజు కౌంటర్‌లో ఉన్నామె పంపింది. వేరే వాళ్లుంటే ఏమయ్యేదో.

కరపత్రాల గురించి చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. తెలుగు కావాలని పోరితే మూడు వారాల్లో తెచ్చి చూపించారు. పైన పెద్ద అక్షరాలతో 'దేశీయ దుర్వినియోగం' అని, 'డొమెస్టిక్ అబ్యూజ్'కి మక్కికి మక్కి. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సరిదిద్ది ఇచ్చాను గానీ, ఆ కాగితాన్ని హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుని ఇంటికి ఎవరు తీసుకెళ్తారు? చివరికి హెల్త్ సెంటర్ లేడీస్ టాయిలెట్ తలుపు లోపలివైపు అంటించమన్నాం. ఆ రెండేళ్లలో మా కమిటీ సాధించిన వాటిలో నాకు నచ్చింది అదే.

మీరు రాయబోయే అభిప్రాయంలో 'మహిళలకు మరింత రక్షణ కావాలి' లాంటి వాక్యాలు వద్దు, అవి ప్రణాళికలోనే బోలెడు ఉంటాయి. చట్టం కౌన్సిల్ మీద పెట్టిన బాధ్యత రెఫ్యూజ్ లాంటి సురక్షిత వసతిలో ఉన్నవాళ్లకి ఇచ్చే సాయం వరకే. ఇంకా ఇంట్లోనే ఉన్నవాళ్లకి ఏం చేస్తారో అడగండి. డిపెండెంట్ వీసా సంగతి గట్టిగా అడగండి. రెఫ్యూజ్ అద్దె చాలావరకు హౌసింగ్ బెనిఫిట్ మీద నడుస్తుంది, ఆ వీసాలో పబ్లిక్ ఫండ్స్ (ఇలాంటి ప్రభుత్వ సాయం) ఉండవు, దాంతో చాలా చోట్ల గది దొరకదు. వర్కర్లు, స్టూడెంట్ల భార్యాభర్తలు కూడా ఆ సాయం అందేలా మూడు నెలల మినహాయింపుకి దరఖాస్తు చేసుకునే వీలు 2024 ఫిబ్రవరిలో వచ్చింది. కానీ దాని వెనకే శాశ్వత నివాసం రాదు. నాలుగో నెల సంగతి ఏ ముసాయిదాలోనూ నాకు కనిపించలేదు.

దాంతో పాటే, అవసరాల లెక్క మళ్లీ ఎప్పుడు తీస్తారు, అందులో భాషని ఎలా నమోదు చేస్తారు అని విడిగా ఒక మెయిల్ పెట్టండి. నాకు దానికి జవాబు రావడానికి ఆరు వారాలు పట్టింది, అందుకని గడువు తేదీ దాకా ఆగకండి.