మైక్రోబయాలజీ చదివినా మొక్కల తెగుళ్ల పరిశోధనలోకి వెళ్లొచ్చా?

ప్రశ్న: మాది కదిరి దగ్గర పల్లె. అమ్మాయి అనంతపురంలో బి.ఎస్సీ. మైక్రోబయాలజీ చివరి ఏడు. శెనక్కాయ చేలో మొలకలు చచ్చిపోయే తెగులు మీద పరిశోధన చేస్తానంటోంది. ప్లాంట్ పాథాలజీ (మొక్కల తెగుళ్ల శాస్త్రం)లో సీటొస్తుందా?

జవాబు: ఎం.ఎస్సీ. అగ్రికల్చర్‌లో ప్లాంట్ పాథాలజీ సీటుకు సాధారణంగా బి.ఎస్సీ. అగ్రికల్చర్ ఉండాలి. వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో ఆ శాఖ అధ్యాపక పోస్టులకూ అంతే. ఈ సంగతి ఇప్పుడే తెలియడం మంచిది. అయితే పరిశోధనకు అదొక్కటే దారి కాదు. పీజీ ప్రవేశ పరీక్ష ఏపీ పీజీసెట్ రాసి శ్రీకృష్ణదేవరాయ లేదా యోగి వేమన విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్సీ. మైక్రోబయాలజీ చేయొచ్చు. ఆ తర్వాత జాతీయ స్థాయి పరీక్ష సీఎస్ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్‌లో జేఆర్ఎఫ్ (పరిశోధన భృతి) తెచ్చుకుంటే పీహెచ్.డీ.లో మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలొస్తాయి.

అసలు కష్టపడాల్సింది ఎం.ఎస్సీ. ప్రాజెక్టు మీద. పది తెగుళ్లు ముట్టుకోవద్దు, వేరుశనగ మొదలుకుళ్లు ఒక్కటి చాలు. దానికి కారణం ఆస్పర్జిల్లస్ నైజర్ అనే శిలీంధ్రం (బూజు). వాడిపోయిన మొలకను పీకి చూస్తే నేలకు ఆనిన చోట కాండం కుళ్లి, మీద నల్లటి పొడి ఉంటుంది. కుళ్లిన భాగం, బాగున్న భాగం కలిసేచోట 5 మి.మీ. ముక్క కోయాలి. దాన్ని 1 శాతం సోడియం హైపోక్లోరైట్‌లో నిమిషం ఉంచి, స్టెరైల్ (క్రిములు లేని) నీటిలో మూడుసార్లు కడిగి, పీడీఏ (శిలీంధ్రాలను పెంచే బంగాళదుంప అగర్) ప్లేటులో పెట్టాలి. ఎక్కువసేపు నానబెడితే తెగులు శిలీంధ్రమే చస్తుంది. హడావిడిగా తీసేస్తే పైనున్న బూజులన్నీ ప్లేటు నిండా అల్లుకుంటాయి.

చాలామంది ఇక్కడే పొరపడతారు. ఈ శిలీంధ్రం గాలిలో, విత్తనం మీద, ల్యాబులో అంతటా ఉంటుంది. కాబట్టి ప్లేటులో నల్లగా పెరిగిందంటే రుజువైనట్టు కాదు. స్టెరిలైజ్ చేసిన మట్టి కుండీల్లో, శుద్ధి చేసిన విత్తనంతో మళ్లీ తెగులు తెప్పించాలి, ఆ మొలక నుంచి అదే శిలీంధ్రాన్ని తిరిగి తీయాలి. శిలీంధ్రం కలపని కుండీల్లోనూ మొలకలు చస్తే విత్తనంలోనో మట్టిలోనో తెగులు మిగిలుందన్నమాట. ఆ పరీక్ష మొత్తం మొదటినుంచి చేయాల్సిందే.

తర్వాత అదే చేలో బాగున్న మొక్కల వేళ్ల మట్టి నుంచి ట్రైకోడెర్మా (మేలుచేసే శిలీంధ్రం), సూడోమోనాస్ (బ్యాక్టీరియా) తీసి, తెగులు శిలీంధ్రాన్ని ఏది ఆపుతుందో చూడొచ్చు. ప్లేటులో ఆపినంత మాత్రాన చేలో ఆపుతుందని రాయకూడదు. మన ఎర్రనేల ఎండితే అవి వేళ్ల దగ్గర నిలవవు. పైగా కార్బెండజిమ్ అనే శిలీంధ్రనాశక మందు పట్టించిన విత్తనం మీద ట్రైకోడెర్మా బతకడం కష్టం.

ఇంకో చిక్కుంది. వానాకాలం పంటలో మొలకలు చచ్చేది జూలై, ఆగస్టుల్లో. ప్రాజెక్టు సెమిస్టరు వచ్చేసరికి మెట్టచేలు ఖాళీగా ఉంటాయి. నమూనాలు ముందే, కాగితం కవర్లలో తేవాలి. పాలిథిన్‌లో చెమ్మపట్టి కుళ్లిపోతాయి. వేరుచేసిన శిలీంధ్రాన్ని స్లాంట్ల (ఏటవాలుగా అగర్ పోసిన పరీక్షనాళికల) మీద 4 డిగ్రీల దగ్గర దాచుకోవాలి.

సీటు తీసుకునేముందు డిపార్ట్‌మెంటుకు ఒకసారి వెళ్లి అడగండి: ఆటోక్లేవ్ (ఆవిరితో స్టెరిలైజ్ చేసే యంత్రం), లామినార్ (శుద్ధిచేసిన గాలి వీచే పెట్టె) పనిచేస్తున్నాయా, కుండీలు పెట్టుకునే చోటుందా, మొదటి ఏడాదే నమూనాలు తెస్తే గైడు ఒప్పుకుంటారా?