బోరు నీళ్ల ఎర్ర మరకకు బాత్రూం యాసిడ్ మందు కాదు

రాయగడలో మీ ఇంటి ముందు సిమెంటు చప్టా మీద బోరు కుళాయి కింద ఎర్ర మరక, ప్రహరీ నీడన నల్లటి పాకుడు, స్కూటర్ పెట్టేచోట ఆయిల్, కొత్త మెట్ల మీద తెల్లపొడి ఉన్నాయన్నారు. బాత్రూం యాసిడ్‌లో బ్లీచింగ్ పౌడర్ కలిపి పోస్తే సంక్రాంతిలోగా అన్నీ ఒక్క దెబ్బకు పోతాయా అని అడిగారు.

ముందు ఆ రెండూ కలిపే ఆలోచన మానుకోండి. కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. ఆరుబయట అయినా కళ్లు మండి, ఊపిరాడదు. ఇంతకుముందు ఒకటి పోసి ఉంటే, దాన్ని పూర్తిగా కడిగేసే వరకు రెండోదాని జోలికి పోవద్దు.

అసలు బాత్రూం యాసిడే వద్దంటాను. పోయగానే బుసబుస పొంగుతుంది కదా, అది చూసి మురికి లేచిపోతోందని మురిసిపోతాం. పొంగేది మురికి కాదండీ, సిమెంటులోని సున్నం. ఇక్కడ పర్లాకిమిడిలో మా పక్కింటి పోర్టికోకి పనివాడు ఏటా ఇదే వైద్యం చేసేవాడు. నునుపంతా పోయి ఇసుక, చిప్స్ పైకి తేలాయి. ఇప్పుడు ఆ గరుకులో మట్టీ, పాకుడూ ఇంకా గట్టిగా పట్టేస్తున్నాయి.

మీ ఎర్ర మరక బోరు నీళ్లలోని ఇనుము వల్లే కావచ్చు. తేల్చుకోవడం తేలిక. అప్పుడే తోడిన నీళ్లు తెల్ల బకెట్లో పట్టి రాత్రంతా వదిలేయండి. తోడినప్పుడు తేటగా ఉన్న నీళ్లే, గాలి తగిలాక ఇనుము తుప్పుగా మారి, తెల్లారేసరికి అడుగున ఎర్రటి మడ్డి కనబడుతుంది. దీనికి బ్లీచింగ్ పౌడర్ బొత్తిగా పనికిరాదు, అది తుప్పును కరిగించలేదు.

కరిగించేది ఆక్జాలిక్ పౌడర్. మొజాయిక్ గచ్చు పాలిష్ పట్టేవాళ్లు వాడేది అదే. నేను పాతపట్నం వెళ్లినప్పుడు హార్డ్‌వేర్ షాపులో తెచ్చుకుంటాను. మీకు మార్బుల్ సామాను అమ్మేచోట అడిగితే దొరకాలి. లీటరు గోరువెచ్చని నీళ్లలో రెండు మూడు చెంచాలు కలిపి, ముందు ఎవరికీ కనబడని మూల కొంచెం రాసి చూడండి. బాగుంటే చప్టాను మామూలు నీళ్లతో తడిపి, మరక మీద పోసి, పావుగంట ఆగి ప్లాస్టిక్ బ్రష్‌తో రుద్దండి. ఇనుప బ్రష్ వద్దు, దాని ముక్కలు విరిగి సందుల్లో ఉండిపోతే అవే మళ్లీ తుప్పు పడతాయి. పోసినది మాత్రం ఆరనివ్వకండి. ఆరితే సిమెంటులోని సున్నంతో కలిసి తెల్లటి పొర కడుతుంది, అది నీళ్లకు వదలదు. ఇటుక రంగు మరక మొదట లేత గోధుమ రంగులోకి దిగుతుంది, ఇంకో విడత వేయాల్సి రావచ్చు. ఇది విషం. చేతులకు గ్లవ్స్ తప్పనిసరి, పిల్లల్ని దూరంగా ఉంచండి, కడిగిన నీళ్లు గేటు దగ్గర ఆవులు తాగే చోటికి పోకుండా చూసుకోండి. చిన్న మరకైతే నిమ్మ ఉప్పు చాలు.

కుళాయికి ఓ పైపు ముక్క తగిలించి నీళ్లు నేరుగా కాలవలో పడేలా చేయకపోతే మరక మళ్లీ వస్తుంది.

బ్లీచింగ్ పౌడర్ పాకుడుకి వాడుకోండి. తడిపి, పారతో గీకి, పౌడర్ కలిపిన నీళ్లు పోసి, కాసేపాగి రుద్ది కడిగేయండి. మొక్కల మీదా, ఇనుప గేటు మీదా పడనివ్వకండి.

ఆయిల్ కారిన వెంటనే చూస్తే నీళ్లు పోయకుండా రంపపు పొట్టు చల్లి, పీల్చాక ఊడ్చేయాలి. పాతదానికి సర్ఫ్, చాకలి సోడా వేడినీళ్లతో ముద్దలా కలిపి పట్టించి, పైన ప్లాస్టిక్ కవర్ కప్పి రాత్రంతా ఉంచండి. రంగు తగ్గుతుంది గానీ పూర్తిగా పోతుందని ఆశ పెట్టుకోకండి, కాంక్రీటు ఆయిల్‌ని లోపలికి పీల్చేసుకుంటుంది.

అన్నట్టు, సంక్రాంతి మాట వచ్చింది కాబట్టి ముగ్గుల సంగతీ చెబుతున్నాను. మార్గశిరంలో ఒడియా వాళ్లు గుమ్మం ముందు బియ్యప్పిండితో వేసే ఝోటీతో ఏ గొడవా లేదు, కడిగితే పోతుంది. బజారు రంగులే తడి చప్టా మీద వేస్తే పట్టుకుని ఓ పట్టాన వదలవు. పూర్తిగా ఆరాకే వేయించండి.

మెట్ల మీది తెల్లపొడికి టెన్షన్ పడక్కర్లేదు. సిమెంటు లోపలి తేమతో పాటు పైకొచ్చిన సున్నమూ ఉప్పూ అది. తడిపితే అందులోని ఉప్పు కరిగి మళ్లీ లోపలికి ఇంకి, ఎండగానే పైకి తేలుతుంది. అందుకే ముందు పొడి బ్రష్‌తోనే దులిపి, ఎత్తి బయట పారేయండి. కొత్త సిమెంటుకి రానురాను అదే తగ్గిపోతుంది. వానాకాలం దాటాక కూడా అదే చోట మళ్లీ మళ్లీ వస్తుంటే, మెట్ల కింద ఏదో పైపు కారుతోందేమో మేస్త్రిని పిలిచి చూపించండి.