రేసులో బాటిల్ సంగతి సరే.. ముందు ఆ నొప్పి గోలీ మానండి

ప్రశ్న: నా వయసు 47. ప్రభుత్వ టీచర్‌ని. సొంతూరు మర్రిగూడ మండలం, ఉండేది నల్గొండలో. కొన్నాళ్లుగా పొద్దున్నే పరిగెత్తుతున్నాను. ఆగస్టులో హైదరాబాద్‌లో హాఫ్ మారథాన్‌కు పేరిచ్చాను. కిందటిసారి 10కే రన్‌లో లీటర్ బాటిల్ చేత్తో పట్టుకుని పరిగెత్తితే భుజం పట్టేసింది. ఈసారి నడుముకు కట్టుకునే బెల్ట్ కొనాలా, దారిలో వాళ్లు పెట్టే నీళ్లు చాలా? పొద్దున రెండు లీటర్లు తాగి బయల్దేరితే మధ్యలో నీళ్ల గొడవే ఉండదని మిత్రుడొకరు అంటున్నారు. నిజమేనా? బీపీకి రోజూ ఒక గోలీ వాడతాను. మోకాళ్లు, నడుము పట్టేస్తాయని రేసుకు ముందు డైక్లోఫెనాక్ వేసుకుంటాను. పోయినసారి రేసయ్యాక మూత్రం డికాషన్ రంగులో వచ్చింది. రెండో రోజుకు మామూలైంది.
– ఒక పాఠకుడు, నల్గొండ

సమాధానం: సార్, ఉత్తరమంతా బాటిల్ గురించి రాసి అసలు విషయాన్ని చివర్లో పెట్టారు. ఓపీలో కూడా ఇంతే. చీటీ రాయించుకుని, లేచి, తలుపు దగ్గరికి వెళ్లాక ‘అన్నట్టు డాక్టర్ గారూ’ అంటారు చూడండి, ఆ మాటలోనే జబ్బు ఉంటుంది. కాబట్టి బాటిల్ సంగతి తర్వాత చూద్దాం.

పరుగు తర్వాత మూత్రం డికాషన్ రంగులో రావడానికి కారణాలు చాలా ఉంటాయి. ఒంట్లో నీళ్లు తగ్గి చిక్కబడి ఉండొచ్చు. మూత్రాశయం గోడలు రాసుకుని కాస్త రక్తం కలిసి ఉండొచ్చు. నన్ను కంగారు పెట్టేది మూడోది: అలవాటుకు మించి పరిగెత్తినప్పుడు కండరాలు దెబ్బతిని, అందులోని మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ రక్తంలోకి, అక్కణ్నుంచి కిడ్నీల్లోకి చేరడం. మీది ఏదో రాతను బట్టి నేను చెప్పలేను. ఆ రోజే సీపీకే అనే రక్తపరీక్ష చేయించి ఉంటే కండరాల సంగతి తేలిపోయేది. ఇన్నాళ్లకు అది మామూలుగానే వస్తుంది కాబట్టి దానికి డబ్బులు దండగ చేసుకోకండి. రెండో రోజుకు రంగు మారింది కదా అని ఊరుకోకుండా కిడ్నీల పనితీరు చెప్పే సీరం క్రియాటినిన్, సోడియం, పొటాషియం, మూత్రపరీక్ష, మూత్రంలో ఆల్బుమిన్ చేయించండి. రక్తం ఇచ్చే ముందు మూడు రోజులు పరుగు ఆపండి. గట్టిగా పరిగెత్తిన మర్నాడు క్రియాటినిన్ కాస్త పెరిగే ఉంటుంది, అది చూసి మీరూ భయపడతారు, ల్యాబ్ వాళ్లూ భయపెడతారు.

ఇక ఆ డైక్లోఫెనాక్. మెడికల్ షాపులో చీటీ లేకుండానే ఇస్తున్నారు కాబట్టి అదేదో చాక్లెట్ అన్నట్టు జేబులో వేసుకుని తిరుగుతున్నాం. చెమట పట్టి ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు కిడ్నీలకు రక్తం అందడం తగ్గుతుంది. అప్పుడు ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు అక్కడి రక్తనాళాలను తెరిచి ఉంచి ఎలాగో నెట్టుకొస్తాయి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ వంటి నొప్పి మందులు సరిగ్గా ఆ పదార్థాల తయారీనే ఆపేస్తాయి. ఇంట్లో కూర్చుని ఒకటి వేసుకోవడం వేరు, 21 కిలోమీటర్ల ముందు వేసుకోవడం వేరు. 80 కిలోమీటర్ల పరుగు మీద చేసిన ఒక అధ్యయనం 2017లో అచ్చయింది. ఐబుప్రోఫెన్ వేసుకున్నవారిలో సగం మందికి పైగా కిడ్నీ దెబ్బతిన్న సూచనలు కనిపించాయి. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో అది మూడో వంతు. మీరు పరిగెత్తేది అంత దూరం కాదు, నిజమే. కానీ వాళ్లలో చాలామందికి లేనిది మీకు ఉంది, బీపీ.

మీ బీపీ గోలీ పేరు రాయలేదు. స్ట్రిప్ తీసి చూడండి. పేరు చివర ‘హెచ్’ అక్షరం ఉంటే చాలావరకు అందులో హైడ్రోక్లోరోథయాజైడ్, అంటే మూత్రం ఎక్కువ పోయించే మందు, కలిసి ఉందని అర్థం. దాంతోపాటు టెల్మిసార్టాన్ లాంటి మరో బీపీ మందు ఉండి, పైనుంచి డైక్లోఫెనాక్ పడితే కిడ్నీల మీద మూడు వైపుల నుంచీ ఒత్తిడి పెట్టినట్టే. ఇది చదివి బీపీ గోలీ మానేయొద్దు, ఆ పని అసలే చేయకండి. మానాల్సింది నొప్పి గోలీ. రేసు రోజు పొద్దున బీపీ మందు వేసుకోవాలా, పరుగయ్యాక వేసుకోవాలా అన్నది అది రాసిచ్చిన డాక్టర్‌నే అడగండి.

ఇదంతా మీ ఒక్కరి గురించే కాదు. ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు తయారయ్యే పిల్లలు కూడా ఇదే దారి. 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో కొట్టాలని పొద్దున్నే నొప్పి ఇంజెక్షన్ వేయించుకుని వెళ్తారు. నొప్పి తెలియకపోతే ఎముకలో సన్నని పగులు ఉన్నా పరిగెత్తేస్తారు. ఎవరి పిల్లలైనా ఉంటే చెప్పండి, ఆ దూరానికి నీళ్లూ అక్కర్లేదు, ఇంజెక్షనూ అక్కర్లేదు.

అసలు మీకు మోకాళ్లు, నడుము ఎందుకు పడుతున్నాయో ఎవరైనా చూశారా? మర్రిగూడ అన్నారు కాబట్టి అడుగుతున్నాను. మీ చిన్నతనంలో అక్కడ తాగింది ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న బోరు, బావి నీళ్లే అయి ఉంటాయి. ఇప్పుడు భగీరథ కృష్ణా నీళ్లు వస్తున్నా అప్పుడు ఎముకల్లో చేరిన ఫ్లోరైడ్ అంత తొందరగా పోదు. ఇంట్లోనే మూడు పనులు చేసి చూడండి. మోకాళ్లు వంచకుండా కాలివేళ్లను ముట్టుకోండి. గడ్డాన్ని ఛాతీకి ఆనించండి. రెండు చేతులూ తల వెనక కలపండి. వీటిలో ఏది రాకపోయినా అది ఫ్లోరోసిసే, అంటే ఫ్లోరైడ్ చేరి ఎముకలు, కీళ్లు బిగుసుకునే జబ్బే, అనడానికి లేదు, కానీ ఎక్స్‌రే తీయించాల్సిన అవసరం మాత్రం ఉంది. ఫ్లోరైడ్‌ను బయటికి పంపేదీ కిడ్నీలే. అవి మందగిస్తే అదీ ఒంట్లోనే నిలిచిపోతుంది. ప్రాక్టీస్‌కు వెళ్లేటప్పుడు దారిలో పొలం బోరు దగ్గర బాటిల్ నింపుకునే అలవాటు ఉంటే మానుకోండి. మరగబెడితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది.

రెండు లీటర్లు ఒకేసారి తాగి బయల్దేరమన్న మిత్రుడికి దండం పెట్టండి. నీళ్లు తక్కువైతే ఏమవుతుందో అందరికీ తెలుసు, ఎక్కువైతే ఏమవుతుందో తెలిసినవాళ్లు తక్కువ. రక్తంలో సోడియం పల్చబడి 135 కంటే కిందికి దిగుతుంది. తలనొప్పి, వాంతి, వేళ్లు ఉబ్బి ఉంగరం బిగుసుకోవడం, మాట తడబడటం, ఇంకా ముదిరితే ఫిట్స్. 2002లో బోస్టన్ మారథాన్ పూర్తి చేసిన 488 మందికి రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం తక్కువగా తేలింది. పరుగు మొదలుపెట్టినప్పటి కంటే ముగించినప్పుడు బరువు పెరిగినవాళ్లకే ముప్పు ఎక్కువ. మీ బీపీ గోలీలో హైడ్రోక్లోరోథయాజైడ్ ఉంటే అదీ సోడియాన్ని తగ్గిస్తుంది, డైక్లోఫెనాక్ ఒంట్లో నీళ్లను పట్టి ఉంచుతుంది. అంటే మీ విషయంలో ఆ రెండు లీటర్ల సలహా ఇంకా ప్రమాదం.

రేసుకు రెండు మూడు గంటల ముందు రెండు గ్లాసులు తాగండి, చాలు. ఆ తర్వాత దాహం వేసినప్పుడు తాగండి. మీకు ఎంత చెమట పోతుందో తెలియాలంటే ప్రాక్టీస్‌లో ఒక గంట పరుగుకు ముందు, తర్వాత చెమట తుడుచుకుని, బట్టలు లేకుండా బరువు చూసుకోండి. కిలో తగ్గితే లీటరు పోయినట్టు, మధ్యలో తాగిన నీళ్లు దానికి కలపండి. పోయినదంతా అప్పటికప్పుడే నింపాలని లేదు. ఆగస్టులో హైదరాబాద్‌లో ఎండ కంటే ఉక్క ఇబ్బంది. చెమట ఆరదు, కారిపోతుంది, ఒళ్లు చల్లబడదు. అప్పుడు ఎక్కువ నీళ్లు తాగడం కంటే వేగం తగ్గించడమే పనిచేస్తుంది.

ఓఆర్‌ఎస్ అయితే లీటరు నీళ్లలో కలిపే ప్యాకెట్టే తీసుకోండి. షాపులో తియ్యటి డబ్బాల మీద ఓఆర్‌ఎస్ అని రాసి అమ్మేవారు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్లపాటు పోరాడాక, 2025 అక్టోబర్‌లో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అలా రాయకూడదంది.

బాటిల్ దగ్గరికి వద్దాం. 10కే రన్‌కు, దారిలో నీళ్లు పెడుతుంటే, ఖాళీ చేతులతో వెళ్లండి. లీటర్ బాటిల్ అంటే కిలో బరువు, భుజం పట్టక ఏమవుతుంది? హాఫ్ మారథాన్‌కు నిర్వాహకుల మ్యాప్ చూడండి. నీళ్ల టేబుళ్ల మధ్య మూడు కిలోమీటర్ల కంటే ఎక్కువ దూరం ఉన్నా, మీకు రెండున్నర గంటలు దాటేలా ఉన్నా, 250 మి.లీ. మెత్తటి బాటిల్ ఒకటి బెల్ట్‌లో పెట్టుకోండి. బెల్ట్ కొత్తగా రేసు రోజే కట్టకండి, పొట్ట నొక్కుతుంది. పానగల్ కట్ట వైపు ఒక్కరే ప్రాక్టీస్‌కు వెళ్తే మాత్రం నీళ్లు ఉండాల్సిందే, అక్కడ టేబుల్ వేసి ఇచ్చేవారు ఎవరూ ఉండరు. రేసులో ఛాతీకి తగిలించుకునే నంబర్ కాగితం (బిబ్) వెనక మీ బీపీ మందు పేరు, ఇంటివాళ్ల నంబర్ రాయండి.

పరుగులోగానీ తర్వాతగానీ మతి తప్పినట్టు మాట్లాడితే, వాంతులు ఆగకపోతే, మూత్రం మళ్లీ ఆ రంగులో వస్తే ఆర్ఎంపీ దగ్గర గ్లూకోజ్ ఎక్కించుకుని ఇంటికి పోవద్దు. సోడియం పడిపోయినవారికి ఆ బాటిల్ ఇంకా చెరుపు చేస్తుంది. ఒళ్లు కాలిపోతూ మతి తప్పితే పక్కవాళ్లు నోట్లో నీళ్లు పోయకుండా ఒంటి మీద పోయాలి, చంకల్లో ఐస్ పెట్టాలి, 108కి ఫోన్ చేయాలి.

మిమ్మల్ని చూడకుండా రాస్తున్న సలహా ఇది, పరీక్షలకు బదులు కాదు. రిపోర్టులు వచ్చేదాకా దూరపు పరుగులు ఆపండి, నడవండి. రేసు ఫీజు పోతే పోయింది. మీ బీపీ డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు రిపోర్టులతోపాటు డైక్లోఫెనాక్ స్ట్రిప్ కూడా పట్టుకెళ్లి టేబుల్ మీద పెట్టండి. ‘ఏమేం మందులు వాడుతున్నారు’ అని అడిగితే దాన్ని లెక్కలోకి తీసుకోకుండా వదిలేసేవాళ్లే ఎక్కువ.